డ్రంక్ డ్రైవింగ్ కేసు మీ చేతికొస్తే: నిమిషాల లెక్క నుంచి మొదలుపెట్టండి

డ్రంక్ డ్రైవింగ్ కేసు ఫైలు రాగానే చాలామంది జూనియర్లు ముందు ఊపిరి పరీక్షలోనో రక్త పరీక్షలోనో వచ్చిన రీడింగ్ ఎంతో చూస్తారు. అంకె పెద్దగా కనిపిస్తే ఫైలు మూసేసి, "ఒప్పేసుకోమని చెబుదాం సార్" అంటారు. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో నేనూ అలాగే చేశాను. అప్పుడు సరిగ్గా చూడకుండా వదిలేసిన ఫైళ్లు గుర్తొస్తే ఇప్పటికీ మనసు బాగుండదు.

ఆ అంకె చెప్పేది ఒక్కటే: ఫలానా నిమిషంలో, ఫలానా మెషిన్ ఇంత చూపించింది అని. నేరం మాత్రం ఆ నిమిషంలో జరిగిందనరు, బండి నడిపినప్పుడు జరిగిందంటారు. ఆ రెండింటి మధ్య కొంత సమయం గడిచింది. ఆ సమయంలో ఒంట్లో ఏం జరిగింది, శాంపిల్‌కు ఏం జరిగింది, ఎవరు ఏం చేశారు అన్నదే మీ కేసు. ఏ దేశపు చట్టం కిందైనా ఈ పని దాదాపు ఒకటే. చట్టం, పరిమితి అంకెలు మాత్రం మారతాయి. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ పరిమితి భారత్‌లో 30 మిల్లీగ్రాములు, ఇంగ్లండ్‌లో 80, స్కాట్లాండ్‌లో 2014 నుంచి 50, అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లో 80. మీ కోర్టుకు వర్తించే అంకెను ఫైలు అట్ట మీద రాసుకుని పనిలో దిగండి.

మొదటి రోజు: చెరిగిపోయేవి ముందు కాపాడండి

క్లయింట్ వచ్చి కూర్చోగానే కథంతా వినాలనిపిస్తుంది. ఆగండి. ముందు ఆయన దగ్గరున్న కాగితాలన్నీ టేబుల్ మీద పెట్టించండి. బ్రీత్ అనలైజర్ స్లిప్ సాధారణంగా థర్మల్ కాగితం మీద వస్తుంది. జేబులో, పర్సులో, ఎండలో ఉంటే కొన్ని వారాల్లోనే అక్షరాలు మాయమవుతాయి. ఆ నిమిషమే ఫొటో తీసి, జిరాక్స్ కూడా తీయించండి.

తర్వాత సీసీ కెమెరాలు. ఆయన బయల్దేరిన చోటు, ఆపిన చోటు, స్టేషన్, ఆసుపత్రి, ఈ నాలుగు చోట్లా రికార్డింగ్ ఉండొచ్చు. చాలా సిస్టమ్‌లలో పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కిపోతుంది. అందుకే "ఈ తేదీ, ఈ సమయం మధ్య రికార్డింగ్ భద్రపరచండి" అని అదే రోజు రాతపూర్వకంగా అడగండి. పోలీసు వాహనంలో, పోలీసుల ఒంటి మీద కెమెరాలుంటే అవీ అడగాలి. నడకలో తూలాడని రిపోర్టులో రాసిన మనిషి వీడియోలో నిలకడగా దిగి లైసెన్సు తీసి ఇవ్వడం కనిపిస్తే, ఆ పది సెకన్ల ముందు ఎన్ని పేజీల వాదనైనా దిగదుడుపే.

లైసెన్సు సంగతి కూడా అప్పుడే చూడండి. కొన్ని చోట్ల క్రిమినల్ కేసు ఒక దారిలో, లైసెన్సు సస్పెన్షన్ ఇంకో దారిలో నడుస్తాయి. కాలిఫోర్నియాలో నోటీసు అందిన 10 రోజుల్లో హియరింగ్ అడగకపోతే ఆ అవకాశం పోయినట్టే. వాయిదా ఇంకా నెల ఉంది కదా అని ధీమాగా ఉంటే ఇక్కడే దెబ్బతింటారు.

క్లయింట్‌ను ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి

భార్య, తండ్రి, స్నేహితుడు పక్కన ఉంటే నిజం బయటికి రాదు. వాళ్లను బయట కూర్చోమని మర్యాదగా చెప్పండి. "ఎంత తాగారు?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టొద్దు. ఎవరిని అడిగినా "కొంచెమే సార్" అంటారు. మొదటి గుక్క ఎప్పుడు, చివరి గుక్క ఎప్పుడు, మధ్యలో ఏం తిన్నారు, ఎప్పుడు లేచారు, బండి ఎన్నింటికి తీశారు, ఇలా సమయాలు అడగండి. జ్ఞాపకం లేదంటే ఫోన్ తీయించండి. కాల్ లాగ్, పేమెంట్ మెసేజ్, పార్కింగ్ రసీదు, ఆ రోజు తీసిన ఫొటోలు, వీటన్నిటి మీదా టైము ఉంటుంది.

ఆ తర్వాత ఒంటి సంగతులు. బరువు, వయసు, షుగర్, ఎసిడిటీ, పుల్లటి త్రేన్పులు, ఆస్తమా ఇన్‌హేలర్, దగ్గు మందు, మౌత్‌వాష్, కట్టుడు పళ్లు, ఆ రోజు జ్వరం, మోకాలి నొప్పి, నడుం ఆపరేషన్, చెవిలో సమస్య. ఇదంతా దేనికని క్లయింట్‌కు విసుగొస్తుంది. అయినా అడగండి.

ఒక పెద్దాయన కేసు చెబుతాను. రీడింగ్ పరిమితికి కాస్త పైన ఉంది. ఆయనకు పై వరుస కట్టుడు పళ్లు. పరీక్షకు ముందు వాటిని తీయమని ఎవరూ అడగలేదట. పర్సులోంచి స్లిప్ తీశారు. నాలుగు మడతలు, మడతల దగ్గర అక్షరాలు సగం పోయాయి. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో వాల్చి చూస్తే సమయం కనబడింది: 22:41. పోలీసు రిపోర్టులో బండి ఆపిన సమయం 22:35. మధ్యలో ఆరు నిమిషాలు. పరీక్షకు ముందు కనీసం 15 నిమిషాలు మనిషిని గమనించామని రిపోర్టులో స్పష్టంగా రాసి ఉంది. ఆ ఆరు నిమిషాల మీదే కేసంతా నడిచింది.

ఒక్కమాట కచ్చితంగా చెప్పాలి. క్లయింట్‌కు కథ అల్లి ఇవ్వొద్దు. "బండి ఆపాక తాగానని చెప్పనా సార్?" అని అడిగేవాళ్లు ఉంటారు. నిజంగా తాగి ఉంటే, దానికి సాక్ష్యం ఉంటే, అది వాదనే. లేకపోతే అది అబద్ధపు సాక్ష్యం. మీరూ మునుగుతారు, ఆయన్నీ ముంచుతారు.

ఒకే కాగితం మీద నిమిషాల పట్టిక

ఇప్పుడు ఒక తెల్ల కాగితం తీసుకుని నిలువుగా గీత గీయండి. ఎడమవైపు సమయం, కుడివైపు ఏం జరిగింది, పక్కన ఏ కాగితం ఆధారం. చివరి గుక్క, బండి తీయడం, ఆపడం, మొదటి ఊదుడు, రెండో ఊదుడు, అరెస్టు, ఆసుపత్రి, రక్తం తీయడం, సీలు వేయడం, ల్యాబ్‌కు చేరడం, పరీక్ష చేయడం. ఖాళీగా మిగిలిన గళ్లే మీ ప్రశ్నలు. ఒకే సంఘటనకు రెండు కాగితాల్లో రెండు సమయాలుంటే ఎర్ర పెన్నుతో చుట్టండి. మెషిన్ గడియారం తప్పుగా ఉందంటారా, రిపోర్టు తప్పంటారా? ఏదో ఒకటి వాళ్లు ఒప్పుకోవాల్సిందే.

ఈ పట్టిక ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఒంట్లో ఆల్కహాల్ ఎలా నడుస్తుందో తెలియాలి. తాగిన వెంటనే రక్తంలో గరిష్ఠానికి చేరదు. సాధారణంగా అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. కడుపు నిండా తిని ఉంటే ఇంకా ఆలస్యం. ఆ తర్వాత 100 మిల్లీలీటర్ల రక్తంలో గంటకు సుమారు 10 నుంచి 25 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది. సగటున 15 అని లెక్కవేస్తారు. రోజూ బాగా తాగేవాళ్లలో వేగంగా తగ్గుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్‌మార్క్ 1930ల నాటికే దీనికి సూత్రం ఇచ్చాడు. నేటికీ కోర్టుల్లో నిపుణులు దాని మీదే లెక్కలు కడతారు.

పరిమితి 80 అనుకోండి. క్లయింట్ 9:50కి చివరి గ్లాసు గబగబా ముగించి, 10 గంటలకు బండి తీశాడు, 10:10కి ఆపారు, 11:10కి రక్తం తీశారు. రిపోర్టు 86. బండి నడుపుతున్నప్పుడు అతని రక్తంలో ఆల్కహాల్ ఇంకా పైకి ఎక్కుతూ ఉండొచ్చు. అంటే 10:10కి 80 కంటే తక్కువే ఉండి ఉండొచ్చు. అదే చివరి గుక్క 7 గంటలకు అయితే ఈ వాదన ఎదురు తిరుగుతుంది, నడిపినప్పుడు ఇంకా ఎక్కువే ఉందని ప్రాసిక్యూషన్ వెనక్కి లెక్క కడుతుంది. అలా కడితే వాళ్ల నిపుణుణ్ని అడగండి: ఈ మనిషి అప్పటికే దిగే దశలో ఉన్నాడని మీకెలా తెలుసు? భోజనం ఎప్పుడు చేశాడో తెలుసా? గంటకు 15 ఈ మనిషికి ఎవరు కొలిచారు?

ఈ వాదన ఎత్తుకునే ముందు మీ చట్టం చదవండి. కొన్ని చోట్ల బండి నడిపిన రెండు గంటల్లోపో మూడు గంటల్లోపో చేసిన పరీక్షలో ఎంత వచ్చిందన్నదే చట్టం చూస్తుంది. ఇంగ్లండ్‌లో శాంపిల్‌లో వచ్చినదాని కంటే నడిపినప్పుడు తక్కువ లేదని ముందే అనుకోవాలని చట్టం చెబుతుంది. అలాంటి చోట ఎక్కే దశ వాదన మీద రోజంతా ఖర్చుపెడితే జడ్జిగారి ఓపిక తప్ప ఇంకేమీ కరగదు.

బండి ఆపడం, రోడ్డు మీద పరీక్షలు

బండి నడిపింది ఈయనేనా అన్నది ముందు చూడండి. విచిత్రంగా అనిపిస్తుంది కానీ, ప్రమాదం జరిగాక పోలీసులు వచ్చిన కేసుల్లో, పక్కన ఆపిన కారులో నిద్రపోతుండగా పట్టుకున్న కేసుల్లో ఇదే అసలు ప్రశ్న. భారత మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 185 నడపడం, నడపడానికి ప్రయత్నించడం అంటుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో బండి మీద అదుపు ఉన్నా చాలు. తాళం ఎక్కడుంది, ఇంజిన్ ఆన్‌లో ఉందా, ఏ సీట్లో ఉన్నాడు, ఈ మూడూ రాసుకోండి.

నడిపించి చూడటం, ఒంటి కాలి మీద నిలబెట్టడం, కళ్ల ముందు పెన్ను ఆడించడం, ఈ మూడు పరీక్షలనూ అమెరికాలో ఒక పద్ధతి ప్రకారం ప్రామాణికం చేశారు. తొమ్మిది అడుగులు మడమకు బొటనవేలు తగిలేలా వేయాలి, తిరిగి రావాలి. ఒంటి కాలి మీద 30 సెకన్లు నిలబడాలి. 65 ఏళ్లు దాటినవాళ్లకు, నడుము, కాలు, లోపలి చెవి సమస్యలున్నవాళ్లకు ఇవి కష్టమని శిక్షణ పుస్తకాలే ఒప్పుకుంటాయి. ఎత్తు మడమల చెప్పులుంటే తీసే అవకాశం ఇవ్వాలి. నేల సమంగా ఉందా, వెలుతురు ఉందా, పక్కనుంచి లారీలు పోతున్నాయా? వీలైతే అదే వేళకు ఆ చోటికి వెళ్లి మీరే నిలబడి చూడండి. నేను వెళ్తాను. రోడ్డు వాలు ఎంతో కాగితం చెప్పదు.

వాసన వచ్చింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి, తూలాడు అన్న మాటలు దాదాపు ప్రతి రిపోర్టులో ఉంటాయి. రక్త పరీక్షే చేయకుండా వాసన, తూలుడు, కనుపాపలు పెద్దవవడం మాత్రమే చూపిస్తే మత్తులో ఉన్నాడని తేల్చలేమని భారత సుప్రీంకోర్టు 1971లోనే బచ్చూభాయ్ కేసులో చెప్పింది.

ఊదిన మెషిన్

బ్రీత్ అనలైజర్ రక్తాన్ని కొలవదు. ఊపిరిలో ఉన్నదాన్ని కొలిచి, దాన్నిబట్టి రక్తంలో ఎంతుందో అంచనా కడుతుంది. చాలా మెషిన్లు ఇందుకు 2100కు 1 అనే నిష్పత్తి వాడతాయి. ఈ నిష్పత్తి మనిషికీ మనిషికీ, ఒకే మనిషిలో ఒక గంటకూ ఇంకో గంటకూ మారుతుంది. ఊపిరి వెచ్చదనం 34 డిగ్రీలని అనుకుంటారు. ఒక డిగ్రీ పెరిగితే రీడింగ్ ఆరేడు శాతం పెరగొచ్చు. క్లయింట్‌కు ఆ రోజు జ్వరం ఉందేమో అని అడగమన్నది ఇందుకే. ఊపిరి బిగబట్టి ఊదితే పెరుగుతుంది, వేగంగా శ్వాస తీసి ఊదితే తగ్గుతుంది.

అన్నిటికంటే తరచుగా దొరికే లోపం నోట్లో మిగిలిన ఆల్కహాల్. ఇప్పుడే తాగినా, త్రేన్పు వచ్చినా, మౌత్‌వాష్ పుక్కిలించినా, కట్టుడు పళ్ల కింద చిక్కుకున్నా, ఊపిరితిత్తుల నుంచి రాని ఆల్కహాల్‌ను మెషిన్ కొలుస్తుంది. 15 నిమిషాలు ఆగితే సాధారణంగా అది పోతుంది. ఆ 15 నిమిషాలూ మనిషి మీద చూపు నిలిపి ఉండాలి. ఫారం నింపుతూనో, వైర్‌లెస్‌లో మాట్లాడుతూనో ఉంటే గమనించినట్టు కాదు. రెండుసార్లు ఊదించారా, రెండు రీడింగుల మధ్య తేడా ఎంత అన్నదీ చూడండి. తేడా ఎక్కువైతే అది నోటి ఆల్కహాల్‌కు గుర్తు కావచ్చు.

ఇక అడిగి తెప్పించాల్సినవి: ఆ మెషిన్ సీరియల్ నంబరు మీద కాలిబ్రేషన్ సర్టిఫికెట్ (మెషిన్ సరిగ్గా కొలుస్తోందని సరిచూసిన కాగితం), ఆ తేదీకి ముందూ వెనకా పరీక్షల లాగ్, రిపేర్ రికార్డు, ఆపరేటర్ శిక్షణ కాగితం. సర్టిఫికెట్ మీద సీరియల్ నంబరూ స్లిప్ మీద నంబరూ ఒకటేనా అని వేలు పెట్టి, అంకె అంకె సరిచూడండి. వేరే మెషిన్ సర్టిఫికెట్ జతచేసిన ఫైళ్లు నేను చూశాను.

షుగర్ ఉన్నవాళ్ల ఊపిరిలో అసిటోన్ ఉంటుంది కాబట్టి రీడింగ్ తప్పని కొందరు గట్టిగా వాదిస్తారు. నేటి మెషిన్లలో చాలావరకు అసిటోన్‌ను వేరు చేయగలవు. ఏ రకం మెషినో తెలుసుకోకుండా ఈ వాదన ఎత్తొద్దు. ఒక బలహీనమైన వాదన మిగతా మంచి వాదనల పరువు కూడా తీస్తుంది.

రక్తం, సీసా, ల్యాబ్

సూది గుచ్చే ముందు చర్మాన్ని దేనితో తుడిచారు? స్పిరిట్‌తో తుడిచి ఉంటే అడగాల్సిందే, అదీ ఆల్కహాలే కదా. సీసాలో సోడియం ఫ్లోరైడ్ ఉందా? రక్తంలో సూక్ష్మజీవులు పెరిగి చక్కెరను పులియబెట్టకుండా ఆపేది అది. లేకపోతే, వేడిలో రోజులు గడిస్తే, సీసాలోనే ఆల్కహాల్ పుట్టొచ్చు. దీనికి తోడు పొటాషియం ఆక్సలేట్ రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది. తీసినవాళ్లు సీసాను తిప్పి కలిపారా, ఎంత నింపారు, ఫ్రిజ్‌లో పెట్టారా, ఎవరు ఎవరికి ఎప్పుడు ఇచ్చారు, సీలు మీద నమూనా ల్యాబ్ రిజిస్టర్‌లోని నమూనాతో సరిపోయిందా? ఈ చేతుల గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా శాంపిల్ ఈ మనిషిదేనా అన్న అనుమానం పుడుతుంది.

ప్రమాదాల్లో దెబ్బలు తగిలి ఆసుపత్రిలో చేరినవాళ్ల కేసుల్లో ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. ఆసుపత్రి ల్యాబ్ సాధారణంగా సీరమ్‌లోనో ప్లాస్మాలోనో, అంటే రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవంలో కొలుస్తుంది. చట్టం చెప్పేది మొత్తం రక్తం గురించి. సీరమ్‌లో నీరు ఎక్కువ కాబట్టి ఆల్కహాల్ అంకె కూడా సుమారు 12 నుంచి 18 శాతం ఎక్కువ చూపిస్తుంది. సీరమ్‌లో 90 అని వస్తే, 1.14తో భాగించండి, 79 అవుతుంది. 80 పరిమితి ఉన్నచోట ఈ ఒక్క భాగహారంతో కేసు తిరగబడుతుంది. పైగా ఆసుపత్రి చేసేది ఎంజైమ్ పద్ధతి, చికిత్స కోసం చేసేది. గట్టి దెబ్బలు తగిలినవాళ్లలో లాక్టేట్ పెరిగి అది రీడింగ్‌ను పెంచే అవకాశం ఉంది. ఫోరెన్సిక్ ల్యాబ్‌లో చేసే గ్యాస్ క్రొమటోగ్రఫీ (శాంపిల్‌లోని పదార్థాలను విడదీసి కొలిచే పరీక్ష) నమ్మదగిన పద్ధతే. అయినా ఒక్క పేజీ రిపోర్టుతో సరిపెట్టుకోకండి. క్రొమటోగ్రామ్‌లు (ఆ పరీక్ష గీసే గ్రాఫ్‌లు), కంట్రోల్ శాంపిళ్ల (ఎంతుందో ముందే తెలిసిన శాంపిళ్ల) ఫలితాలు, రెండోసారి చేసిన పరీక్ష ఫలితం, కొలతలో ఎంత తేడా ఉండొచ్చో చెప్పే కాగితం, ఇవన్నీ అడగండి. పరిమితి 80, రిపోర్టు 82, తేడా ప్లస్ మైనస్ 4 అయితే ఆ విషయం కోర్టుకు ఎవరు చెబుతారు? మీరే.

పరీక్ష చేసిన మనిషే సాక్ష్యానికి రావాలని అడగండి. డ్రంక్ డ్రైవింగ్ కేసులోనే అమెరికా సుప్రీంకోర్టు 2011లో బుల్‌కమింగ్ తీర్పు ఇచ్చింది. పరీక్షలో పాలు పంచుకోని ఇంకో ఉద్యోగిని పంపి రిపోర్టు చదివిస్తే సరిపోదని చెప్పింది. అసలు వారెంట్ లేకుండా రక్తం తీయొచ్చా అన్నదానికి 2013 మెక్‌నీలీ, 2016 బర్చ్‌ఫీల్డ్ తీర్పులు అక్కడ చూడాలి. భారత్‌లో అయితే అదే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 202 చూడండి. అరెస్టయిన రెండు గంటల్లోపు వైద్య పరీక్ష జరగాలి, లేకపోతే మనిషిని వదిలేయాలి. మీ నిమిషాల పట్టిక మళ్లీ ఇక్కడ పనికొస్తుంది.

డ్రగ్స్ ఆరోపణ అయితే

ఆల్కహాల్ విషయంలో అంకెకూ మత్తుకూ ఎంతో కొంత సంబంధం ఉంది. డ్రగ్స్‌లో ఆ సంబంధం చాలా వదులు. గంజాయి తీసుకుంటే అసలు పదార్థం టీహెచ్‌సీ రక్తంలో కొద్ది గంటల్లోనే బాగా పడిపోతుంది. దాని అవశేషం మాత్రం తరచుగా వాడేవాళ్ల మూత్రంలో వారాల తరబడి కనబడుతుంది. మూత్రంలో అవశేషం దొరికితే ఎప్పుడో వాడాడని తెలుస్తుంది. బండి నడిపినప్పుడు మత్తులో ఉన్నాడని తెలియదు. మీ చట్టం మత్తును నేరమంటుందా, ఒంట్లో ఉండటాన్నే నేరమంటుందా అన్నది ముందు తేల్చుకోండి. రెండో రకం చట్టం ఉన్నచోట ఈ వాదన నడవదు.

మొదట చేసే స్క్రీనింగ్ పరీక్ష ఒక జల్లెడ లాంటిది. జలుబు మాత్రలోని సూడోఎఫెడ్రిన్ కూడా యాంఫిటమిన్ అని చూపించొచ్చు. జీసీ-ఎంఎస్ (గ్యాస్ క్రొమటోగ్రఫీ-మాస్ స్పెక్ట్రోమెట్రీ) లాంటి నిర్ధారణ పరీక్ష చేశారా అని అడగండి. చేయకపోతే అక్కడే నిలదీయండి. డాక్టర్ రాసిన నిద్రమాత్రో నొప్పి మందో అయితే చీటీ, మోతాదు, మందుల షాపు బిల్లు సేకరించండి. డాక్టర్ చెప్పినట్టే వాడినవారికి ఇంగ్లండ్‌లో కొన్ని మందుల విషయంలో చట్టమే రక్షణ ఇస్తుంది. అన్ని చోట్లా అలా లేదు. చీటీ ఉన్నా మత్తులో నడిపితే నేరమేనన్న చట్టాలు ఎక్కువ.

క్రాస్ ఎగ్జామినేషన్

చిన్న ప్రశ్నలు, అవును కాదు అని జవాబొచ్చే ప్రశ్నలు. "ఎందుకు" అని ఎప్పుడూ అడగొద్దు. ఆ పెద్దాయన కేసులో నేను అడిగినవి ఇంతే.

"బండి 22:35కి ఆపారు కదండీ?"
"అవునండీ."
"ఆపాక లైసెన్సు, ఆర్సీ చూశారు?"
"చూశానండీ."
"మీ రిపోర్టు ప్రకారం తర్వాత 15 నిమిషాలు గమనించారు?"
"అవునండీ."
"ఈ స్లిప్ మీ మెషిన్‌దే కదా? సమయం చదువుతారా?"

ఆయన చదివారు. నేను కూర్చున్నాను. ఇంకో ప్రశ్న అడిగి ఉంటే, మెషిన్ గడియారం వెనకబడి ఉందని చెప్పుకునే దారి నేనే చూపించినట్టయ్యేది. ఆ అధికారి మీద నాకు కోపం లేదు. రాత్రంతా రోడ్డు మీద నిలబడి చేసే పని అది. అధికారితో మర్యాదగానే ఉండండి, గొంతు పెంచకండి.

అంతా సరిగ్గానే ఉంటే

కొన్ని ఫైళ్లలో పట్టిక నిండుగా ఉంటుంది, సీరియల్ నంబర్లు కలుస్తాయి, సీసా సరైనదే, అంకె పరిమితికి రెట్టింపు. అప్పుడు క్లయింట్‌కు దాచకుండా చెప్పండి. ఫీజు కోసం ఆశ పెట్టడం పాపం. ఎవరికైనా గాయమై ఉంటే ఆ కుటుంబం కూడా అదే కోర్టు హాల్లో కూర్చుంటుంది, గుర్తుపెట్టుకోండి.

ఒప్పుకోవడమే మేలు అనుకుంటే ఆ పని కూడా శ్రద్ధగా చేయాలి. తాగుడు అలవాటుగా మారిందని అనిపిస్తే మొదటి వాయిదా కంటే ముందే డాక్టర్‌నో కౌన్సెలర్‌నో కలవమనండి. కోర్టు కోసం మాత్రమే కాదు, ఆయన కోసం. హాజరు కాగితాలు, ఉద్యోగం వివరాలు, ఇంట్లో ఆయన మీద ఆధారపడినవాళ్ల వివరాలు, పాత కేసులు లేవన్న ఆధారం దాఖలు చేయండి. పాత కేసు ఉంటే ముందే తెలుసుకోండి, ప్రాసిక్యూటర్ నోటి నుంచి వినేలా ఉండకూడదు.

తీర్పు రోజు క్లయింట్ చెవికి ఏదీ సరిగ్గా ఎక్కదు. బయటికి రాగానే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వండి: జరిమానా ఏ తేదీలోపు, లైసెన్సు ఎక్కడ అప్పగించాలి, మళ్లీ ఏ తేదీ నుంచి నడపొచ్చు, అప్పీలుకు ఆఖరి రోజు ఏది. రాసి, చదివించి, "బండి తాళం ఇప్పుడు ఎవరి దగ్గరుంది?" అని అడగండి. ఆయన దగ్గరే ఉంటే, ఇంటికి నడిపే మనిషి వచ్చేదాకా అక్కడే ఉండండి.